ఒరిగితేనే పరుగెత్తే పడవ

బందరులో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెబుతున్నాను. పిల్లలకి అది ఎలాగోలా గట్టెక్కాల్సిన సబ్జెక్టు. నేను మాత్రం చిన్నప్పుడే గీతల్లో పడ్డాను. మా నాన్నగారు పోర్టు ఆఫీసులో గుమాస్తా. ఆయన ఉద్యోగంలో చేరేనాటికే ఓడలు రావడం దాదాపు ఆగిపోయింది. ఆఫీసు మాత్రం ఉండేది, ఉత్తరాలు వచ్చేవి, కొత్త సంవత్సరానికి ఎవరో షిప్పింగ్ ఏజెంట్లు క్యాలెండరు పంపేవారు. ఒక ఏడాది అందులో పన్నెండు నెలలకీ పన్నెండు తెరచాప పడవల ఫోటోలు వేశారు. అవి యాట్‌లు. సరుకు మోసేవి కావు, చేపలు పట్టేవి కావు. గాలిని పట్టుకుని వెళ్ళడం తప్ప వాటికి వేరే పని లేదు. ఏడాది గడిచాక క్యాలెండరు నాకిచ్చేశారు నాన్నగారు. ఒక్కో బొమ్మ మీదా ట్రేసింగ్ పేపరు పెట్టి పన్నెండింటినీ గీశాను. వాటి ఒంట్లో ఎక్కడా తిన్నని గీత లేదని గీస్తున్నప్పుడే తెలిసింది.

అలాంటి పడవని చేత్తో తాకడానికి నాకు నలభై నాలుగేళ్ళు రావాల్సి వచ్చింది.

గుడివాడ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. నందివాడ వైపు చేపల చెరువులతో బాగా పైకొచ్చిన మనిషి. అవనిగడ్డ దాటాక నది పక్కన రిసార్టు కడుతున్నాడట. దానికోసం పడమటి తీరంలో ఏదో హార్బరులో ఏళ్ళ తరబడి కట్టి పడేసిన పాత చెక్క యాట్ ఒకటి కొన్నాడు.

"కాయితాలేం లేవండీ మేడమ్‌గారూ. కొలతలు తీసి డ్రాయింగులు గీస్తేగానీ నడపడానికి పర్మిషన్ ఇవ్వం అంటున్నారు ఆఫీసులో. మీరు ఇట్టాంటివి బాగా చేస్తారని మా ఇంజనీరు చెప్పాడు, మీ స్టూడెంటేనంట" అన్నాడు.

వెంటనే ఒప్పుకున్నాను. ఎంత ఇస్తారని కూడా అడగలేదు.

పడవ పొడవాటి ట్రైలరు లారీ మీద వచ్చింది. గుడివాడలో, పామర్రులో కరెంటు తీగల్ని వెదురు గడలతో ఎత్తి పట్టుకుంటూ తీసుకొచ్చారట. గిలకలదిండి హార్బరులో క్రేనుతో దించి దుంగల మధ్య నిలబెట్టారు. ఆదివారం పొద్దున నేను వెళ్ళేసరికి చుట్టూ ఫైబరు బోట్లు, ఐసు పెట్టెలు, ఎండు చేపల వాసన. మధ్యలో అది. రంగంతా పెచ్చులూడిపోయి, కిటికీల అద్దాలు పగిలిపోయి ఉంది. అయినా ఆ ముక్కు దగ్గర మొదలైన గీత నడుము దగ్గర కొంచెం కిందికి దిగి, తోక వైపు మళ్ళీ లేస్తుంటే, చూస్తూ అక్కడే నిలబడిపోయాను. నలభై రెండు అడుగుల పొడవులో ఆ గీత ఒక్కచోట కూడా తడబడలేదు.

మరమ్మతుకి చెక్క పని తెలిసిన మనిషి కావాలి. హార్బరులో ఎవరిని అడిగినా ఒక్క మేస్త్రి పేరే చెప్పారు. అరవై దాటిన మనిషి. వాళ్ళ తాత, తండ్రి తెరచాప నావలు కట్టినవాళ్ళు. ఆయన కూడా ముప్పై ఏళ్ళు వచ్చేదాకా చెక్క చెక్కే బాడిశ పట్టాడు. తర్వాత చెక్క నావలు కట్టించుకునేవాళ్ళే లేకపోయారు. ఫైబరు బోట్లకి పగుళ్ళు అతుకుతూ బతుకుతున్నాడు. నేను వెళ్ళి అడిగితే తల కూడా ఎత్తలేదు.

"దొరల పడవలు మాకేం తెలుసమ్మా?"

"ఒకసారి వచ్చి చూడండి. చాతకాదంటే వెళ్ళిపోదురుగాని."

వచ్చాడు. చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత కళ్ళు మూసుకుని, అరచెయ్యి పక్క పలకల మీద ఆనించి, ముక్కు నుంచి తోక దాకా నడిచాడు. మధ్యలో ఒకచోట ఆగాడు. "ఇక్కడ పలక మార్చారు. కొత్తోడెవడో ఏశాడు" అన్నాడు. రంగు గీకి చూస్తే నిజమే, అక్కడొక్కచోట వేరే చెక్క ఉంది. నేను స్కేలుతో రెండు వారాలు కొలిచి కనిపెట్టాల్సింది ఆయన చేతికి నాలుగు నిమిషాల్లో తెలిసింది.

మర్నాటి నుంచి పనిలోకి వచ్చాడు.

దాదాపు రెండేళ్ళు పట్టింది. ఆదివారాలు, సెలవులు అన్నీ నావి అక్కడే గడిచాయి. అడుగడుగుకీ పడవని అడ్డంగా కోసినట్టు ఊహించుకుని ఒక్కో కోత కొలతలు తీసేదాన్ని. మేస్త్రి సన్నటి వెదురు బద్దని పలకల మీద వంచి పట్టుకునేవాడు. బద్ద ఎక్కడ ఎగిరితే అక్కడ చెక్క చెడిందని లెక్క. నేను కాగితం మీద గీతని సరిచూడటానికి ప్లాస్టిక్ పట్టీ వంచి పట్టుకుంటాను. ఇద్దరిదీ ఒకటే పని అని ఆయనకి చూపిస్తే చాలాసేపు నవ్వాడు. "అయితే మీరూ మేస్త్రేనమ్మా" అన్నాడు. ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పు అంటూ ఉంటే అదొక్కటే.

డ్రాయింగులు పూర్తయ్యేకొద్దీ ఒక సంగతి నాకు అర్థం కాలేదు. పడవ పొడవు నలభై రెండు అడుగులు. నీళ్ళలో తేలుతూ ఉన్నప్పుడు నీటిని తాకేది ఇరవై తొమ్మిది అడుగులే. ముక్కూ తోకా రెండూ గాలిలో వృథాగా వేలాడుతున్నాయి. అంత చెక్క ఎందుకు పెట్టారు, అందం కోసమా అని మేస్త్రిని అడిగాను. ఆయన పక్కనున్న కొబ్బరి డొప్పని బకెట్టు నీళ్ళలో వేసి, వేలితో ఓ పక్కకి నొక్కాడు.

"ఇది గాలికి ఒరిగిద్దమ్మా. ఒరిగినప్పుడు ఆ ముక్కు, ఆ తోక నీళ్ళలో కూచుంటాయి. పడవ పొడుగైపోద్ది. పొడుగైతే జోరు పెరుగుద్ది. నిలబడి ఉన్నప్పుడు చిన్నది, పరిగెత్తేటప్పుడు పెద్దది."

"తిరగబడదా?"

"కింద అంత సీసం ఎందుకేశారనుకున్నారు?"

అడుగున ఆరున్నర అడుగుల లోతుకి దిగిన రెక్కలాంటి భాగం, దాని చివర పోతపోసిన సీసం దిమ్మ. పడవ ఎంత ఒరిగితే ఆ బరువు అంత గట్టిగా దాన్ని తిరిగి లేపుతుంది. ఆ రోజు ఇంటికెళ్ళి పడవని ఒరిగించి మళ్ళీ గీశాను. మేస్త్రి చెప్పింది అక్షరాలా నిజం. కొలిస్తే, ఒరిగినప్పుడు నీటి గీత అయిదారు అడుగులు పెరిగింది.

ఇంకోరోజు లోపలి పలక ఊడదీస్తుంటే మేస్త్రి పిలిచాడు. పలక వెనక, ఎవరూ ఎప్పటికీ చూడని చోట, పెన్సిలుతో మూడు అడ్డగీతలు, ఒక చిన్న సున్నా ఉన్నాయి. డెబ్భై, ఎనభై ఏళ్ళ కిందట ఏ దేశంలోనో ఏ వడ్రంగో పెట్టిన గుర్తు. మేస్త్రి చెవి మీద నుంచి పెన్సిల్ తీసి, తను చేసిన కొత్త పలక వెనక చూపించాడు. అక్కడా మూడు గీతలు, ఒక సున్నా. ఎడమ పక్క మూడో పలక అని ఆయన లెక్క. ఆ వడ్రంగి లెక్క కూడా అదే అయ్యుంటుంది. మేస్త్రి పాత పలక పారేయకుండా ఆ గుర్తు ఉన్న ముక్కని కోసి ఇంటికి పట్టుకెళ్ళాడు.

ఓనరు నెలకోసారి వచ్చేవాడు. మంచిగానే ఉండేవాడు, అడిగిన టేకు తెప్పించేవాడు, రాగి రివెట్లే కావాలంటే రాగివే ఇచ్చాడు. అతిథుల్ని ఎక్కించుకుని నది వెంట హంసలదీవి దాకా, నది సముద్రంలో కలిసే చోటు దాకా తీసుకెళ్తానని చెప్పేవాడు. అతని దగ్గర నేను కూడా వాగుడుకాయలా మాట్లాడాను. యాట్ అన్న మాట డచ్చివాళ్ళదనీ, వేట అని అర్థమనీ, ఆ డచ్చివాళ్ళే నాలుగు వందల ఏళ్ళ కిందట మన బందరులో వర్తకం పెట్టారనీ, వాళ్ళ సమాధులు ఇంకా ఊళ్ళో ఉన్నాయనీ చెప్పాను. పెద్ద ఓడలు లోతు చాలక దూరంగా లంగరేస్తే, మన నావలే ఎదురెళ్ళి సరుకు దించేవని చెప్పాను. "భలే ఉందండీ, ఇదంతా రాసిపెట్టండి" అన్నాడు. సంతోషంగా రాసిచ్చాను.

నీళ్ళలోకి దింపిన రోజు నిండు పోటు. పొద్దున తొమ్మిదింటికి హార్బరు పాయలోంచి ఇంజనుతో బయటికి వచ్చాం. చుక్కాని దగ్గర మేస్త్రి, తాళ్ళ దగ్గర ఆయన మనుషులు ఇద్దరు, నేను, ఓనరు, ఆయన పక్కన ఫోనుతో వీడియో తీస్తున్న మేనేజరు. నేల దూరమయ్యాక ఇంజను ఆపి తెరచాపలు ఎత్తారు. ఒక్కసారిగా చప్పుడంతా పోయింది. గాలి తెరచాప నిండా పట్టింది, పడవ ఎడమ పక్కకి మెల్లగా ఒరిగింది, ముక్కు నీళ్ళలో కూచుంది, ఆ తర్వాత అది పరుగెత్తింది. రెండేళ్ళపాటు మిల్లీమీటర్లలో కొలిచినది నా కాళ్ళ కింద కదిలింది. మేస్త్రి ముఖం చూశాను. అంత వయసు మనిషి నోరు తెరుచుకుని, శబ్దం లేకుండా నవ్వుతున్నాడు.

"ఒరిగిపోతోంది! మేస్త్రీ, ఒరిగిపోతోంది, ఆపండి!" ఓనరు రెండు చేతులతో కమ్మీ పట్టుకుని అరుస్తున్నాడు.

"ఇది ఒరగాలండీ. ఒరిగితేనే నడుచుద్ది" అన్నాడు మేస్త్రి.

"గెస్టులు ప్లేట్లు ఎక్కడ పెట్టుకుంటారయ్యా? ముసలోళ్ళు, పిల్లలు ఎక్కుతారు! నిటారుగా పెట్టండి!"

నేను కూడా నచ్చజెప్పబోయాను, సీసం గురించి చెప్పబోయాను. ఆయన అప్పటికే కమ్మీ మీంచి వంగి వాంతి చేసుకుంటున్నాడు. మేస్త్రి తెరచాప వదులు చేయించాడు. మొత్తం మీద అది పరుగెత్తింది అరగంటకి కాస్త ఎక్కువ.

తిరిగి వచ్చేసరికి నీరు తీస్తోంది. పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట. మామూలు బోట్లు మూడడుగుల నీళ్ళలో వెళ్ళిపోతాయి. మాది అడుగున తగులుకుని ఆగిపోయింది. మళ్ళీ పోటు వచ్చేదాకా, సాయంత్రం దాకా, ఎండలో అలాగే ఒరిగి కూచున్నాం. వేటకెళ్ళి వచ్చే బోట్లన్నీ మా పక్కనుంచే వెళ్ళాయి. "ఏం సార్, చేపలు పడ్డాయా?" అని ఎవరో కేకేశారు. అందరూ నవ్వారు. ఓనరు నవ్వలేదు. అతను మనసులో ఆ పడవని వదిలేసుకున్నది అప్పుడేనని ఇప్పుడు అనుకుంటాను.

అసలు తప్పు నాది కూడా. ఆరున్నర అడుగుల లోతు నా డ్రాయింగులోనే ఉంది. ఆ మొగలో, ఆ నదిలో ఎంత నీరుంటుందో హార్బరులో ఎవర్ని అడిగినా చెప్పేవారు. నేను అడగలేదు. అడిగితే పని ఆగిపోతుందేమోనని భయం. మేస్త్రికి తెలుసు. తర్వాతెప్పుడో అడిగితే, "మీకు తెలిసే ఉంటదనుకున్నానమ్మా" అన్నాడు. ఆయనకీ అదే భయం ఉండి ఉంటుంది.

నెల తర్వాత ఓనరు కాలేజీకి వచ్చాడు. పళ్ళబుట్ట తెచ్చాడు.

"దాన్ని రిసార్టులో లాన్ మీద పెట్టేద్దామనుకుంటున్నానండీ. జనం ఎక్కి ఫోటోలు దిగుతారు. కింద ఆ సీసం, ఆ రెక్క ఉంటే మరీ ఎత్తైపోద్ది. అది కోసేసి స్టాండ్ మీద కూచోబెట్టాలి. స్టాండ్‌కి డ్రాయింగ్ కావాలి."

"చెక్క పడవని నేల మీద పెడితే ఎండిపోయి పలకలు విడిపోతాయండీ" అన్నాను.

"మీరు గియ్యకపోతే గ్యాస్ కట్టరోడు వాడికి తోచినట్టు కోసేస్తాడు. మీరు గీస్తే కాస్త పద్ధతిగా ఉంటది. మీరు రెండేళ్ళు గీసిన డ్రాయింగులన్నీ ఫ్రేములు కట్టించి రిసెప్షన్‌లో పెడతాను, మీ పేరుతో."

రెండు రోజులు ఆలోచించాను. మా ఆయన "మనది కాని పడవ, నీకెందుకు?" అన్నారు. పాడుచేసేది ఎలాగూ చేస్తారు, నేను గీస్తే పలకలకి దెబ్బ తగలకుండా కోస్తారు, ఎప్పుడైనా మళ్ళీ సీసం తగిలించొచ్చు అని నాకు నేను చెప్పుకున్నాను. గోడ మీద ఫ్రేముల్లో నా పేరు కూడా కళ్ళ ముందు కనిపించింది. మూడో రోజు గీసిచ్చాను. ఎనిమిది ఇనప కాళ్ళు, మధ్యలో ఒక దూలం, ఎక్కడ కోయాలో చుక్కల గీత. చాలా శుభ్రంగా వచ్చిన డ్రాయింగు అది.

మేస్త్రికి ఫోన్ చేసి చెప్పాను.

"మీరు గీసిచ్చారా?"

"గీయకపోతే ఇంకా పాడుచేస్తారండీ."

"సరేనమ్మా" అని పెట్టేశాడు. ఆ తర్వాత తనంతట తను ఎప్పుడూ ఫోన్ చేయలేదు.

ఏడాదిన్నర దాటాక మా ఆడపడుచు కూతురి బిడ్డకి పుట్టువెంట్రుకలు తీయించడానికి మోపిదేవి వెళ్ళాం. దర్శనం అయ్యాక అందరూ భోజనానికి ఆ రిసార్టుకే వెళ్దామన్నారు. వద్దంటే ఎందుకని అడుగుతారు. వెళ్ళాను.

లాన్ మధ్యలో, నేను గీసిన ఎనిమిది కాళ్ళ మీద ఉంది. ఎక్కడానికి ఒక పక్కన ఇనప మెట్లు వెల్డింగ్ చేశారు. మెట్లు ఆనించడానికి పలకలకి బోల్టులు దిగ్గొట్టారు. తెరచాప స్థానంలో ఫ్లెక్సీ. దాని మీద రిసార్టు పేరు, ఫోన్ నెంబరు. ఒక పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు ముక్కు దగ్గర చేతులు చాచి నిలబడితే ఫోటోగ్రాఫరు కింద పడుకుని తీస్తున్నాడు. పడవ నిటారుగా, ఏ గాలికీ కదలకుండా ఉంది.

దగ్గరికెళ్ళి మేస్త్రిలాగే అరచెయ్యి పెట్టి చూశాను. చెక్క తగలలేదు. పలకల మీద ఫైబరు పూత పూసి, దాని మీద చెక్క గీతలు పెయింటు వేశారు. నున్నగా, వేడిగా ఉంది.

యూనిఫారం వేసుకున్న ఒకమ్మాయి వచ్చి, అందరికీ చెప్పేదే మాకూ చెప్పింది. "ఇది నాలుగు వందల సంవత్సరాల క్రితం డచ్ వారు బందరు వచ్చినప్పుడు వేటకి ఉపయోగించిన పడవండీ."

"కాదమ్మా. దీనికి ఎనభై ఏళ్ళకి మించి ఉండవు. ఆ డచ్చివాళ్ళ కబురు వేరే" అన్నాను.

"మాకు ఇచ్చిన పేపర్లో అట్టాగే ఉందండీ మేడమ్" అంది నవ్వుతూ.

ఆ పేపరు ఎవరు రాసిందో నాకు తెలుసు. రెండు వాక్యాల మధ్య ఉన్నవన్నీ తీసేసి ఒక్క వాక్యం చేసుకున్నారు.

రిసెప్షన్ గోడ మీద డ్రాయింగులేం లేవు. భోజనానికి కూచున్నాక కనిపించాయి. పళ్ళేల కింద వేసే ప్లాస్టిక్ మ్యాట్ల మీద, పడవని ఒరిగించి గీసిన నా బొమ్మ నీలం రంగులో అచ్చువేశారు. కుడివైపు కింద మూల, నా పేరు ఉండే గడి, కత్తిరించేశారు. మా ఆడపడుచు దాని మీద రొయ్యల వేపుడు ఒలకబోసుకుని టిష్యూతో తుడుస్తోంది. "బాగుంది కదా వదినా ఈ డిజైను" అంది. బాగుందన్నాను.

ఆ మరుసటి ఆదివారం గిలకలదిండి వెళ్ళాను. మేస్త్రి తన పాకలో ఒక ఫైబరు బోటుని బోర్లించి గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. ముక్కుకి గుడ్డ కట్టుకున్నాడు, జుట్టంతా తెల్లటి పొడి. నన్ను చూసి గుడ్డ దించి, స్టూలు వేశాడు. వాళ్ళావిడ టీ తెచ్చిచ్చి లోపలికెళ్ళింది.

"చూసొచ్చారా?" అన్నాడు.

"చూశాను. ఆ ఫైబరు ఎవరు పూశారండీ? చెక్క మీద అది పూయకూడదు కదా?"

"నేనే."

నేను ఆయన చేతుల వంక చూశాను.

"ఎండకి సందులు ఇంతింత విచ్చుకున్నయ్యి. వాన నీళ్ళు లోపలికి దిగుతున్నాయని నన్ను పిలిపించారు. నూలు కూరి గుగ్గిలం ఏద్దామన్నాను. ఏటేటా ఎవరు ఏయిస్తారు, ఒక్కసారే ఫైబరు పెట్టెయ్యమన్నారు. నేను పెట్టకపోతే ఇంకోడు పెడతాడు. వాడైతే చెక్కని గీకి పాడుచేస్తాడు." నా వంక చూశాడు. అది ఎవరి మాటో ఇద్దరికీ తెలుసు.

"లోపల ఏమవుతుంది?"

"తడి లోపలే ఉండిపోద్ది. నాలుగైదేళ్ళలో చెక్క లోపల్లోపలే పొడి అయిపోద్ది. పైకి మాత్రం పడవలాగే ఉంటది. ఫోటోలకేం ఇబ్బంది లేదు."

డ్రాయింగుల అసలు కాగితాలు నా దగ్గరే ఉన్నాయని చెప్పాను. అన్నీ ఉన్నాయి, ప్రతి కోతా, ప్రతి పలకా. చిన్నదిగా, పదిహేను అడుగులది, అడుగు లోతు తక్కువ పెట్టి, మన నీళ్ళకి తగ్గట్టు ఒకటి కడదామా అని అడిగాను. అడుగుతున్నప్పుడే నా గొంతు బతిమాలుతున్నట్టు ఉందని నాకే తెలిసింది.

"కట్టి?"

"కట్టి... నడుపుదాం."

"ఎవరు నడుపుతారమ్మా? నా మోకాళ్ళు పోయినయ్యి. మా వాళ్ళు తాడు లాగమంటే లాగుతారు, తెరచాప కట్టడం ఎవరికీ రాదు. మీరు ఇన్నేళ్ళు బందర్లో ఉన్నారు, సముద్రం మీదికి ఎన్నిసార్లు ఎళ్ళారు?"

"ఆ ఒక్కసారే."

"మీకు బొమ్మ కావాలమ్మా. అది మీ దగ్గరే ఉంది కదా."

కోపంగా అనలేదు. టీ గ్లాసు కింద పెట్టి లేచాను. ఎండ ఎక్కువగా ఉంది, కాసేపు ఆగి వెళ్ళమన్నాడు. పర్వాలేదన్నాను. స్కూటర్ తీస్తుంటే వాళ్ళావిడ బయటికి వచ్చి, కవర్లో ఎండు రొయ్యలు పెట్టిచ్చింది. వద్దనలేక తీసుకున్నాను. ఆయన అప్పటికే గుడ్డ ముక్కు మీదికి లాక్కుని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు.